పెట్టె దొరక్కపోతే

శనివారం రాత్రి గాలికి కెఫ్ కొండ మీద సగం ఊరికి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి ఆదివారం సాయంత్రమైంది. సోమవారం ఉదయం హైస్కూల్లో కంప్యూటరు గది తలుపు తీసి చూస్తే పద్దెనిమిది తెరలూ నల్లగా ఉన్నాయి.

ఆ పద్దెనిమిదీ ఒట్టి తెరలు. వాటన్నిటికీ కలిపి బుర్ర ఒకటే, బీరువా పక్కన నేల మీద ఉండే పాత సర్వరు. అది లేస్తేనే ఇవి లేస్తాయి. ఎవరో వద్దనుకున్న సామానులోంచి దాన్ని తెచ్చి, లినక్స్ ఎక్కించి, పదకొండేళ్లు నడిపినవాడు కంప్యూటరు మాస్టారు లస్సాద్. అతను పోయి పది వారాలైంది. అతని భార్య రౌధా అదే బడిలో భూగోళం చెబుతుంది.

మొదటి పీరియడ్ అయ్యాక ప్రధానోపాధ్యాయుడు హమాదీ, బడిలో అందరూ 'సీ హమాదీ' అంటారు, హమాదీ గారు అని, ఆమెను వరండాలో ఆపాడు. ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే కళ్లజోడు తుడుచుకోవడం ఆయనకు అలవాటు.

"మాదామ్ రౌధా, ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేశాను. రెండింటికి మనిషిని పంపుతున్నారు. ఉన్నదంతా తుడిచేసి కొత్తది ఎక్కిస్తాడట."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతానే. నన్ను తిట్టకండి. నెల తిరిగితే బాక్ పరీక్షల ప్రాక్టికల్స్, ఆఖరి ఏడు పిల్లలకి. పిల్లలకి తెరలు వెలగాలి, అంతే నాకు తెలిసింది."

"తిట్టట్లేదు, సీ హమాదీ. ఆ మనిషి రెండింటికే వస్తాడా, ముందే వస్తాడా అని అడుగుతున్నాను."

"ప్రభుత్వం మనిషి ముందే రావడం మీరెప్పుడైనా చూశారా?" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "మీకు కంప్యూటర్లు వచ్చా?" అన్నాడు.

"రావు. వచ్చినవాణ్ణి పిలుస్తాను."

ఆ సర్వరులో ఏముందో రౌధాకు తెలుసు. లస్సాద్ పిల్లల కోసం అరబ్బీలో రాసుకున్న పాఠాలన్నీ ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, మొదటి పేజీలున్నాయి. హైస్కూల్లో చేరిన పిల్లలు మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు ఒక్కొక్కరి చేతా ఒక పేజీ రాయించేవాడు. పేరు, ఇంటి దగ్గర ఏం కనబడుతుంది, పెద్దయ్యాక ఏమవ్వాలనుంది. ఆ తర్వాత దాని ఊసే ఎత్తేవాడు కాదు. నాలుగేళ్లు గడిచాక, ఆఖరి ఏడు ఆఖరి రోజున, ఎవరి పేజీ వాళ్లకు అచ్చు తీసి చేతిలో పెట్టేవాడు. ఆ రోజు గదిలోంచి నవ్వులు వినబడేవి. తర్వాత కాసేపు ఏమీ వినబడేది కాదు. ఈ ఏడు ముప్పై ఒక్కమంది ఉన్నారు. పోయిన వారం ఒకమ్మాయి అడగనే అడిగింది: "మాదామ్, మా పేజీలు ఈసారి మీరిస్తారా?" ఇస్తానని మాటిచ్చింది రౌధా.

పదిన్నరకు ఖ్మాయిస్ మోపెడ్ మీద వచ్చాడు. బజార్లో కంప్యూటర్ల దుకాణం అతనిది. లస్సాద్‌కు పాతికేళ్ల స్నేహితుడు. అంత్యక్రియలనాడు సమాధి గోతిలోకి దిగి మిత్రుణ్ణి పడుకోబెట్టినవాళ్లలో ఒకడు. ఆ తర్వాత రౌధా ఇంటివైపు రాలేదు. మిత్రుడు లేని ఇల్లు చూడలేకే రాలేదని ఆమెకు తెలుసు కనుక తప్పు పట్టలేదు.

"నీ మొగుడు నన్ను దొంగ అనేవాడు, చెల్లెమ్మా," అన్నాడు సర్వరు ముందు కూలబడుతూ. "నేను దొంగ కాపీలు అమ్ముతానని. వాడేమో అందరికీ ఈ లినక్స్ పెంగ్విన్ పక్షిని ఊరికే పంచేవాడు. నా బేరం చెడగొట్టింది ఎవరు, నేనా వాడా? ఇప్పుడు చూడు, వాడి పక్షికి జబ్బు చేస్తే వైద్యం చెయ్యడానికి దొంగే కావాల్సొచ్చింది."

"కబుర్లు తర్వాత. టైము చూసుకో."

"ఇదిగో, అచ్చం వాడి మాటే."

మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. నల్లటి తెర మీద తెల్లని వరుసలు గబగబా పైకి పాకాయి. సగంలో ఆగిపోయాయి. ఆగిన చోట ఎర్రటి చుక్క ఒకటి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడవడం మొదలుపెట్టింది. పక్కన సెకన్లు లెక్కపెడుతోంది. పది, పదకొండు, పన్నెండు.

"ఏం చేస్తోందది?" అంది రౌధా.

"ఎదురుచూస్తోంది."

"దేనికోసం?"

"అదే కనుక్కోవాలి. తొంభై సెకన్లు చూస్తుంది. ఆ తర్వాత చేతులెత్తేస్తుంది."

ఇద్దరూ తొంభై దాకా చూశారు. చుక్క నడక ఆపింది. ఆపద స్థితి అని ఒక వాక్యం వచ్చి, కింద పాస్‌వర్డు అడిగింది.

"చావలేదు చెల్లెమ్మా!" అని చప్పట్లు కొట్టాడు ఖ్మాయిస్. "చచ్చిపోయిందైతే ఇలా మాట్లా..." అని నాలిక కరుచుకున్నాడు. 

"ఇది కావాలిగా," అంటూ రౌధా సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. లస్సాద్ జేబు పుస్తకం. పది వారాలుగా ఆమె సంచిలోనే ఉంటోంది. చివరి పేజీలో తొమ్మిది అక్షరాలు ఉన్నాయి. తన పేరో, పెళ్లి తారీఖో అయి ఉంటుందని ఆమె ఒక్క క్షణం అనుకుంది. కాదు. వాటికి అర్థమేమీ లేదు. పెళ్లాం పేరు పాస్‌వర్డుగా పెట్టుకునేవాళ్లను అతను వెక్కిరించేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

ఖ్మాయిస్ లోపలికి వెళ్లి ఏవేవో వరుసలు తిరగేశాడు. పావుగంట పట్టింది. ముందు ప్రధాన డిస్కుని పరీక్షించాడు, అది నిక్షేపంగా ఉంది. తర్వాత ఒక పట్టీ తెరిచి, దాని పక్కన ఇంకో పట్టీ తెరిచి, రెండింటి మీదా వేలు పెట్టాడు.

"నువ్వు పంతులమ్మవి గనక నీ భాషలో చెబుతా. ఇది హాజరుపట్టీ. లేవగానే ముందు ఇది చదువుకుంటుంది, ఎవరెవరు ఉండాలో. లేచేటప్పుడు ఒక్కసారే, నడుస్తుండగా ఎవరు వెళ్లిపోయినా పట్టించుకోదు. ఇదిగో, మూడు డిస్కుల పేర్లున్నాయి. పేర్లంటే ఈ పొడుగు నంబర్లే, ఏ రెండూ ఒకటి కావు. ఇక రెండోది, ఇప్పుడు తరగతిలో నిజంగా ఎవరున్నారో అది. ఇద్దరే ఉన్నారు. మూడోవాడు పట్టీలో ఉన్నాడు, బెంచీ మీద లేడు. వాడొచ్చేదాకా పాఠం మొదలెట్టనని కూచుంది ఇది."

"ఎవరా మూడోది?"

ఖ్మాయిస్ తెరను ఆమెవైపు తిప్పాడు. ఆ నంబరు పైన లస్సాద్ తన కోసం రాసుకున్న వాక్యం ఒకటి ఉంది. యంత్రం చదవనిది, మనుషులు చదువుకోవడానికి వదిలినది.

*పిల్లల పెట్టె. ఇది దొరక్కపోతే బండి కదలకూడదు.*

కింద ఏడేళ్ల కిందటి తారీఖు.

రౌధా ఆ తారీఖును గుర్తుపట్టింది. ఆ వసంతంలోనే పెట్టె తీగ వదులైంది. ఎవరూ చూసుకోలేదు. యంత్రం ఏమీ జరగనట్టే నడిచింది. రెండు వారాలు ఒక తరగతి పిల్లలు రాసిందంతా ఎక్కడా నిలవకుండా పోయింది. లస్సాద్ ఒక్కొక్క పిల్లాడి బెంచీ దగ్గరికీ వెళ్లి క్షమాపణ అడిగాడు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. 'అది లేదని చెప్పకుండా నడిచింది, రౌధా. అదీ నా బాధ. ఏదైనా పోతే పోయిందని ఆగి చెప్పాలి' అన్నాడు.

"మొదటి పేజీలు ఆ పెట్టెలో ఉన్నాయా?" అంది.

"అందులోనే. పాఠాలు లోపలి డిస్కులో క్షేమంగా ఉన్నాయి. పేజీలు మాత్రం పెట్టెలో. అరచేతంత నల్ల పెట్టె, నేనే అమ్మాను వాడికి. ఏదీ?"

సర్వరు వెనకనుంచి ఒక తీగ వేలాడుతోంది. దాని కొస నేల మీద ఉంది. పైన అరలో దుమ్ము పట్టి ఉంది. దుమ్ము మధ్యలో, పలచగా మాత్రమే పట్టిన నలుచదరం ఒకటి ఉంది.

రౌధా దానివైపు చూసింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి, వరండా తుడుస్తున్న మబ్రూకాను పిలిచింది. బడిలో అందరూ ఆ ముసలామెను ఖాల్తీ అంటారు, పిన్ని అని.

"ఖాల్తీ, ఆ రోజు ఆయన సామాను అట్టపెట్టెలో సర్దిచ్చావు కదా. ఏమేం పెట్టావు?"

మబ్రూకా చీపురు గోడకు ఆనించింది. "ఆ మేకుకున్న కోటు పెట్టా. లోపల వేసుకునే చెప్పులు. టీ గ్లాసు, పాత గుడ్డలో చుట్టి మరీ పెట్టా, పగలకూడదని. రేడియో. రేడియో పక్కన చిన్న దీపం వెలిగే నల్ల డబ్బా. అది కూడా రేడియోదే అనుకున్నా." ఆమె ముఖం మారింది. "ఏం బిడ్డా? తప్పు చేశానా?"

"లేదు ఖాల్తీ. నేనే తెరిచి చూడలేదు."

అట్టపెట్టె ఐదు వారాలు వాళ్ల పడకగదిలో, కిటికీ కింద ఉంది. నలభయ్యో రోజు దగ్గరపడ్డప్పుడు అత్తగారు వచ్చి కూచుంది. 'చలికి వణికేవాళ్లు ఊళ్లో ఉండగా నా కొడుకు కోటు మేకుకి వేలాడకూడదు. వాడి పేరు మీద ఇచ్చెయ్యి' అంది. బీరువాలో బట్టలు రౌధా ఒక్కొక్కటీ మడతపెట్టి ఇచ్చింది. ఆ అట్టపెట్టె మాత్రం తెరవలేకపోయింది. టేపు వేసింది వేసినట్టే, కోట దిగువ సందులో రొట్టెలు కాల్చి అమ్మే వసీలా చేతికి ఇచ్చేసింది. ఇచ్చాక కాస్త తేలికపడ్డాననుకుంది కూడా.

"ఎక్కడుందో తెలుసు," అంది ఖ్మాయిస్‌తో. "ఇచ్చేశాను."

"ఎవరికి? అమ్మావా?"

"దానం."

ఖ్మాయిస్ తల దించుకున్నాడు. చనిపోయినవాళ్ల పేరు మీద ఇచ్చినదాన్ని ఆ ఊళ్లో తిరిగి అడగరు. పొరపాటున ఇచ్చినా సరే. అడిగితే ఇచ్చినవాళ్ల పుణ్యం కాదు, పోయినవాళ్ల పుణ్యం తరుగుతుందని పెద్దవాళ్లు అంటారు. రౌధా దాన్ని నమ్ముతుందో లేదో తనకే తెలియదు. కానీ ఎవరైనా అలా అడగడం మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"చూడు చెల్లెమ్మా," అన్నాడు ఖ్మాయిస్ మెల్లగా. "కావాలంటే ఆ పెట్టె లేకుండానే దీన్ని రెండు నిమిషాల్లో నడిపిస్తా. కానీ వెళ్లు. అడిగి చూడు. తుడిచేసి ఉన్నా పట్టుకురా, గోకి కొంతైనా తీస్తా. ఒక్కటే మాట. దాని మీద మళ్ళీ వేరేది నిండా రాసేసి ఉంటే మాత్రం నేనే కాదు, నా గురువు వచ్చినా తియ్యలేడు."

పదకొండు దాటింది. రౌధాకు మళ్ళీ క్లాసు రెండున్నరకు గాని లేదు. కోట గోడ పక్కనుంచి మెట్లు దిగుతూ, అడగవలసిన మాటను లోపల రెండు మూడు రకాలుగా కూర్చుకుంది. ఒక్కరోజు అరువు అడుగుతున్నానంటే తిరిగి తీసుకున్నట్టు కాదు కదా అనుకుంది. బడి పిల్లలది ఒకటి పొరపాటున అందులో ఉండిపోయింది, అది మీకని ఇచ్చింది కాదు అనాలనుకుంది. ఏది అనుకున్నా అది తన గొంతులా లేదు.

వసీలా వాకిట్లో మట్టి పొయ్యి ముందు ఉంది. మోచేతుల దాకా పిండి. రౌధాను చూడగానే లేచి, పిండి చేతులు దూరంగా పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది.

"మాదామ్ రౌధా! పైనుంచి ఇక్కడిదాకా దిగొచ్చావా తల్లీ? రా, లోపలికి రా. రొట్టె వేడిగా ఉంది. తినకుండా పోతే నా మీద ఒట్టే."

లోపల మంచం మీద వసీలా భర్త గోడకు ఆనుకుని కూచున్నాడు. దగ్గు మనిషి. అతని భుజాల మీద లస్సాద్ కోటు ఉంది. గోధుమరంగుది, కుడి జేబు దగ్గర సిరా మరక. జేబు బయటికి కొంచెం సాగి ఉంది, అందులో ఎప్పుడూ చెయ్యి పెట్టుకుని నిలబడే మనిషిది గనుక. రౌధా సలాము చెప్పి, కోటువైపు కాకుండా అతని ముఖంవైపు చూసింది.

"అల్లా ఆయన్ని కరుణించాలి," అన్నాడతను. "ఈ చలికాలం నన్ను బతికించింది ఆయనే."

మూలన గొర్రెతోలు మీద ఇద్దరు మనవరాళ్లు టీవీ చూస్తున్నారు. తెర మీద ఒక పిల్లి ఎలుకను తరుముతోంది. టీవీ కింద నల్ల పెట్టె, దాని మీద చిన్న నీలం దీపం.

"అదీ మీరిచ్చిందే," అంది వసీలా, టీ పోస్తూ. "ఏమిటో తెలీక ఫోను షాపువాడికి చూపించా. టీవీకి పెట్టుకోవచ్చు, బొమ్మలు నింపిస్తానన్నాడు. అందులో ఏవో పిల్లల రాతలున్నాయట, ఉంచమంటావా తియ్యమంటావా అన్నాడు. నాకు చదువెక్కడేడిసింది? చోటు కావాలంటే తీసెయ్ నాయనా అన్నా. మొన్న మళ్ళీ తీసికెళ్లా, ఇంకా నింపమని. ఇక నిండిపోయింది ఖాల్తీ, సూది మొన దించే చోటు లేదు, పాతవి తీసి కొత్తవి పెడుతున్నా అన్నాడు. వాళ్ల అమ్మ ఒలీవ మిల్లు నుంచి వచ్చేదాకా కదలరు ఈ దయ్యాలు. ఒసే, మాదామ్‌కి సలాము చెప్పరే!"

దయ్యాలు రెండూ తల తిప్పకుండానే సలాము చెప్పాయి.

రౌధా టీ గ్లాసు పట్టుకుని కూచుంది. నిండిపోయింది అన్న మాట దగ్గర ఆమె తెచ్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. రొట్టె తుంచి, నూనెలో అద్ది, నమిలింది. 

వసీలా ఆమెను చూసింది. మనుషుల ముఖాలు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. "దానితో ఏమైనా పనుందా తల్లీ?" అంది గొంతు తగ్గించి. "ఉంటే తీసుకుపో. వీళ్లు ఒకరోజు ఏడ్చి ఊరుకుంటారు."

"లేదు," అంది రౌధా. "ఇచ్చాం కదా. ఎలా ఉన్నారో చూద్దామని వచ్చాను."

వచ్చేటప్పుడు వసీలా రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. అవి మెట్లెక్కుతున్నంతసేపూ రౌధా చేతిలో వేడిగా ఉన్నాయి.

గదిలో ఖ్మాయిస్ ఆమె చేతులవైపు చూశాడు. రొట్టెలు తప్ప ఏమీ లేవు.

"నిండా రాసేశారు," అంది. "నువ్వు చెప్పినట్టే."

అతను ఒక రొట్టె తీసుకుని సగం తుంచి ఆమెకిచ్చాడు. ఆమె వద్దంటే తానే తిన్నాడు. తిన్నాక చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"రెండు దారులున్నాయి. ఒకటి, ఆ వరుసని యంత్రం చదవకుండా కొట్టెయ్యడం. అప్పుడు దానికి అలాంటి పెట్టె ఒకటుండేదని కూడా తెలీదు. రెండోది, ఆ వరుస చివర ఆరక్షరాల మాట ఒకటి చేర్చడం. దొరక్కపోయినా ఫరవాలేదు, నడువు అని దానర్థం."

"రెండోదైతే వెతుకుతుందా?"

"వెతుకుతుంది. లేచిన ప్రతిసారీ వెతుకుతుంది. కానీ దానికోసం ఆగదు."

"రెండోదే."

"జరుగు, కొట్టేస్తా."

"నేను కొడతాను," అంది రౌధా.

ఖ్మాయిస్ కుర్చీ ఖాళీ చేశాడు. ఎక్కడ కామా పెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలకూడదో చెప్పాడు. ఆమె ఒక వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తర్వాత బాణం గుర్తుతో పైకి వెళ్లి, లస్సాద్ రాసిన వాక్యం దగ్గర ఆగింది. *ఇది దొరక్కపోతే బండి కదలకూడదు.* దాన్ని చెరపలేదు. దాని కింద ఇంకో వరుస రాసింది.

*పెట్టె పోయింది. నేనే ఇచ్చేశాను. బండి నడవాలి. రౌధా.* తారీఖు వేసింది.

ఖ్మాయిస్ అది చదివి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కిటికీలోంచి చూడదగ్గదేమీ లేదు, సైకిళ్ల షెడ్డు తప్ప.  "గోతిలోకి వాడి ఎడంకాలు ముందు దించాం," అన్నాడు, వెనక్కి తిరగకుండా. "కుడికాలు ముందు దించాల్సింది. నాకు అప్పుడు గుర్తు రాలేదు."

"ఏ కాలైతేనేం, ఖ్మాయిస్? నువ్వు దించావు కదా," అంది రౌధా. "ఇది మళ్ళీ ఎలా మొదలెట్టాలో చెప్పు."

చెప్పాడు. ఆమె నొక్కింది. ఫ్యాను ఆగి తిరిగింది. తెల్లని వరుసలు పైకి పాకాయి. ఎర్రచుక్క రాలేదు. పెట్టె వెతికే వరుస మిగతా వాటి మధ్య ఒకసారి కనబడింది, మిగతా వాటితోపాటే పైకి పోయింది. ఆ తర్వాత, ఒకటి వెనక ఒకటిగా, పద్దెనిమిది తెరలు వెలిగాయి.

కార్యాలయం మనిషి రెండుంబావుకు వచ్చాడు. "నడుస్తోందిగా! మరి ఇంత ఎండలో నన్నెందుకు కొండెక్కించారు?" అని హమాదీ మీద విసుక్కున్నాడు. హమాదీ కళ్లజోడు తుడుచుకుని, కాఫీ తెప్పించి, కాగితం మీద సంతకం పెట్టి పంపించాడు.

రెండున్నరకు ఆఖరి ఏడు పిల్లలకు భూగోళం. రౌధా పటం తగిలించలేదు. బల్ల ముందుకు వచ్చి నిలబడి, మొదటి పేజీలు పోయాయని చెప్పింది. ఎలా పోయాయో చెప్పింది. వసీలా పేరు మాత్రం చెప్పలేదు. ఎవరో ఇంట్లో అని ఊరుకుంది. తర్వాత బెంచీల మధ్యకు వెళ్లింది. లస్సాద్ ఒకప్పుడు చేసినట్టే, ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరు పెట్టి, క్షమించమని అడిగింది. కొందరు తల దించుకున్నారు. ఒకడు లేచి నిలబడి, "అయ్యో, అంత మాట అనకండి మాదామ్" అన్నాడు.

కిటికీ పక్క బెంచీలో పోయిన వారం పేజీల గురించి అడిగిన అమ్మాయి ఉంది, యోస్ర్. రౌధా దగ్గరికి వచ్చేసరికి కలం మూత తీస్తూ పెడుతూ ఉంది.

"మాదామ్, నేనేం రాశానో నాకే గుర్తు లేదు," అంది. "చలికాలంలో ఒకసారి వరండాలో ముస్యూ లస్సాద్‌ని అడిగా కూడా. చెప్పను, జూన్‌లో చూద్దువు అన్నారు. నవ్వారు. ఆయనకి గుర్తుంది."

"ఉండేది," అంది రౌధా.

యోస్ర్ కలం మూత పెట్టేసింది. రౌధా తర్వాతి బెంచీ దగ్గరికి వెళ్లింది.